మూడో డ్రమ్ము

మెర్విన్ టిబ్స్ గ్రామఫోన్ ముల్లును మళ్ళీ వెనక్కి జరిపాడు. ముందు గది సోఫా మీది దిండ్లు మూడు తీసి నేల మీద వరసగా పెట్టుకున్నాడు. చేతుల్లో వాళ్ళమ్మ స్వెటర్లు అల్లే సూదులు. పాటలో రెండో చరణం అయిపోయే చోట డ్రమ్ముల ముక్తాయింపు ఒకటి ఉంది. అది రాగానే మొదటి దిండు మీద, రెండో దిండు మీద, మూడో దిండు మీద సూదులు దించాడు. సరిపోయింది. మూడో దిండు తీసేసి మళ్ళీ వాయించాడు. సరిపోలేదు.

"మూడున్నాయి," అన్నాడు.

అక్క డోరీన్ అప్పుడే పని నుంచి వచ్చింది. ఆమె బజారులో రికార్డులమ్మే కొట్లో పని చేస్తుంది. కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం మూడు?"

"డ్రమ్ములు. విను. పైది, మధ్యది, కిందది. మూడు శ్రుతులు. నా దగ్గర ఉన్నవి రెండు."

"వాయించింది నువ్వేగా?"

"నేనే."

"మరి మూడోది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే అడుగుతున్నా."

"నన్నడుగుతావేంట్రా? నేను అమ్మేదాన్ని. పొద్దున తెప్పించినవి మధ్యాహ్నానికి అయిపోయాయి. కొన్నవాళ్ళలో ఒక్కరూ డ్రమ్ములు లెక్కపెట్టలేదు. దిండ్లు ఎత్తు, అమ్మ చూస్తే సూదులతో నీ వీపు మీద వాయిస్తుంది."

రికార్డు పేరు 'రాగి ఆదివారం'. బ్యాండు పేరు వికర్స్ అంబ్రెల్లా. సొంతూరు వాల్సాల్‌లో ఎవరూ అంత పొడుగున పిలవరు, గొడుగోళ్ళు అంటారు. వేసవిలో వచ్చిన రికార్డు అక్టోబరు దాకా కదల్లేదు. సముద్రం మీద ఓడల్లోంచి పాటలు వేసే రేడియోలో ఎవరో పదే పదే వేశారని విన్నారు. ఇప్పుడది అమ్మకాల జాబితాలో ముప్పయ్యోదాని దగ్గరికి వచ్చింది. గురువారం సాయంత్రం టెలివిజన్‌కు రమ్మన్నారు. దేశం మొత్తం చూస్తుంది. తను వాయించిన ముక్తాయింపు ఎలా వాయించాడో మెర్విన్‌కు తెలియదు.

అతను వీధి మలుపులో ఉన్న టెలిఫోన్ పెట్టెలోకి వెళ్ళి లండన్‌కు ఫోన్ చేశాడు. పాట రాసి పాడేది ఏడ్రియన్ ఫాక్స్‌లీ. వేసవి నుంచి అక్కడే ఉంటున్నాడు.

"ఏడ్రియన్, ఆ పాట చేసిన రోజు నేను మూడు డ్రమ్ముల మీద వాయించానా?"

అవతల ఎవరో సితార్ మీటుతున్నారు. అది ఆగింది.

"వాయించే ఉంటావు. స్టూడియోలో బోలెడు డ్రమ్ములుంటాయి."

"నాకు గుర్తు లేదు."

"ఎలా గుర్తుంటుంది? మా ఇంట్లో ఆ మత్తుమందు చుక్క వేసిన చక్కెర బిళ్ల వేసుకున్నావు. మర్నాడు నీ పేరడిగితే ఆలోచించి చెప్పావు."

"అది అంతకు ముందు ఆదివారం అనుకున్నానే."

"చూశావా? రోజు కూడా గుర్తు లేదు. నీ మంచికే చెప్తున్నా, దాని గురించి ఎక్కువ ఆలోచించకు మెర్వ్. తల పాడవుతుంది."

ఫోన్ పెట్టేశాక మెర్విన్ పెట్టెలోనే నిలబడ్డాడు. బయట ఒకావిడ నాణెంతో అద్దం మీద కొట్టేదాకా కదల్లేదు. ఆ రోజు అతనికి గుర్తుంది. వాన పడింది. రెండింటికి రమ్మన్నారు. టీ ఇచ్చిన కప్పుకు చెవి విరిగింది. డ్రమ్ములు తనే వ్యానులోంచి దింపి మెట్ల మీదుగా మోశాడు. రెండే మోశాడు. కళ్ళను నమ్మకపోతే మానె, మోసిన చేతులకు కూడా మతి తప్పుతుందా? తప్పిందేమో. చక్కెర బిళ్ల వేసుకున్నప్పుడు గోడ మీది పూలు ఊపిరి పీల్చడం అతను చూశాడు. అది చూసినవాడు కప్పు చెవి గురించి సాక్ష్యం చెప్తే ఎవరు నమ్ముతారు?

మంగళవారం రైల్వే క్లబ్బుకు వెళ్ళాడు. అక్కడి డాన్సు బ్యాండులో డ్రమ్ములు వాయించే పెద్దాయన మూలనున్న పెట్టె తెరిచి ఒక డ్రమ్ము తీశాడు.

"రెండు చాలట్లేదా ఇప్పుడు? టెలివిజన్‌లోకి పోతే చేతులు కూడా పెరుగుతాయా?"

"శనివారానికి తెచ్చిస్తా."

"తేకపోతే మీ అమ్మ దగ్గరికొస్తా. బీరు పొయ్యకు దాని మీద."

మెర్విన్ ఆ సాయంత్రమంతా వెనక పెరట్లోని రేకుల షెడ్డులో వాయించాడు. రికార్డులోని మనిషి మొదటి దెబ్బ ఎడమ చేత్తో వేశాడని చెవికి తోచింది. అలా వేస్తేనే మూడో డ్రమ్ము మీదికి కుడి చెయ్యి సమయానికి అందుతోంది. మెర్విన్ పుట్టి బుద్ధెరిగి ఎడమ చేత్తో మొదలు పెట్టలేదు. చీకటి పడేసరికి వచ్చింది. రావడంతో దిగులు తగ్గలేదు. తన చేతులకు వచ్చిన విద్యను తనే మళ్ళీ నేర్చుకోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

బుధవారం పొద్దున ట్రెవర్ హింక్స్ వ్యాను తెచ్చాడు. ట్రెవర్ బేస్ గిటార్ వాయిస్తాడు. ఇద్దరూ బడి వదిలిన దగ్గర్నుంచి ఈ వేసవి దాకా ఒకే బల్ల దగ్గర కూర్చుని గుర్రపు జీనులు కుట్టినవాళ్ళు. మెర్విన్ మూడు పెట్టెలు వ్యానులోకి ఎక్కించడం చూసి ట్రెవర్ సిగరెట్టు పారేశాడు.

"ఆ మూడోదేంటి?"

"రికార్డులో ఉన్నట్టు వాయించాలి కదా."

ట్రెవర్ వ్యాను తలుపు వేసి ఎక్కి కూర్చున్నాడు. మోటార్‌వే ఎక్కారు. ఏడ్రియన్ కొత్త కోటు గురించి రోజూ వేసే జోకు ఇవాళ వెయ్యలేదు. సగం దారిలో టీ కోసం ఆగారు. క్యాంటీన్‌లో బల్ల దగ్గర కూర్చున్నాక ట్రెవర్ చక్కెర వేసి కలిపాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు.

"మెర్వ్, నీకు ఆ రోజు రెండింటికి రమ్మన్నారు కదా."

"అవును."

"మమ్మల్ని పదింటికి రమ్మన్నారు."

మెర్విన్ కప్పు దించాడు.

"అక్కడ డ్రమ్ముల దగ్గర ఒకాయన ఉన్నాడు. బట్టతల. టై కట్టుకున్నాడు. నోట్లో పైపు. మన నాన్నల వయసుంటుంది. కాయితం మీది స్వరాలు చూసి రెండు సార్లు వాయించాడు, అయిపోయింది. పక్క వీధిలో బిస్కట్ల ప్రకటనకు వాయించాలని వెళ్ళిపోయాడు. అలా చెయ్యడం అక్కడ మామూలేనంట. మేనేజరు లేజెన్‌బీ చెప్పాడు. అందరి రికార్డుల్లోనూ అతనేనంట."

"మరి నేను మధ్యాహ్నం వాయించింది?"

"అది లేదు."

"రీళ్ళు తిరిగాయి ట్రెవ్. నేను చూశాను."

"తిరిగాయి. రికార్డు మీట నొక్కలేదు." ట్రెవర్ గిన్నెలోని చక్కెర వైపు చూస్తూ మాట్లాడాడు. "నువ్వు బాధపడతావని అలా చేశారు. చెప్పకపోతే పోతుందనుకున్నాం. ఎవడు లెక్కపెడతాడు డ్రమ్ములు?"

"ఏడ్రియన్ చక్కెర బిళ్ల అన్నాడు."

"అది ఆదివారం. మనం వెళ్ళింది గురువారం. నీ తలకేం కాలేదురా."

మెర్విన్‌కు ముందు వచ్చింది కోపం కాదు. కప్పు చెవి నిజంగానే విరిగి ఉందన్నమాట. వాన నిజంగానే పడింది. నాలుగు రోజులుగా బిగిసిన మెడ వదులైంది. అతను టీ మొత్తం తాగాడు. తర్వాత కోపం వచ్చింది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది ట్రెవర్, అతనొక్కడే నిజం చెప్పాడు. బట్టతల ఆయన తన పని తను చేసుకుని వెళ్ళాడు. పైగా ఆ ముక్తాయింపు బాగుంది.

"ఇప్పుడు చెప్పడమెందుకు?"

"ఆ డ్రమ్ము చూశాక కూడా చెప్పకపోతే నేను మనిషిని కాదు. అరువు తెచ్చావా?"

"రైల్వే క్లబ్బు నుంచి."

"అయ్యో దేవుడా," అని ట్రెవర్ చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

టెలివిజన్‌లో రికార్డు వేసి వాయించినట్టు నటిస్తే వాద్యకారుల యూనియన్ ఒప్పుకోదు. ప్రసారానికి ముందు రోజు బ్యాండు స్టూడియోలో పాటను కొత్తగా వాయించాలి, యూనియన్ మనిషి దగ్గర కూర్చుని చూడాలి. మర్నాడు ఆ కొత్త టేపు వేస్తే గాయకుడు దాని మీద పాడతాడు, మిగతావాళ్ళు చేతులాడిస్తారు. ఇది నియమం. నడిచేది వేరు. వాయించడం అయ్యాక మేనేజరు యూనియన్ మనిషిని ఎదురుగా ఉన్న పబ్బుకు తీసుకెళ్తాడు. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఇంజనీరు ఆ టేపు తీసి, డబ్బాలో రికార్డు కంపెనీ టేపు పెడతాడు. యూనియన్ మనిషి పెదవులు తుడుచుకుంటూ వచ్చి డబ్బా మీద సంతకం చేస్తాడు. అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆ మధ్యాహ్నం లండన్ స్టూడియోలో మెర్విన్ రెండు డ్రమ్ములు బిగించి మూడోదాన్ని పెట్టెలోనే ఉంచాడు. మేనేజరు లేజెన్‌బీ అప్పుడే కారు దిగి వచ్చాడు.

"నేను నాలాగే వాయిస్తాను," అన్నాడు మెర్విన్.

లేజెన్‌బీ ట్రెవర్ వైపు చూశాడు. విషయం బయటపడిందని అర్థమైంది.

"ఎలాగైనా వాయించు నాయనా. బల్ల మీద చెంచాతో వాయించు. దీన్ని వినేవాడెవడు?"

"పాట అలా ఉండదు," అన్నాడు ఏడ్రియన్.

"పాట ఎలా ఉంటుందో నాకేం తెలుసు ఏడ్రియన్? నేనా రోజు లేను," అన్నాడు మెర్విన్.

ఏడ్రియన్ మొహం తిప్పుకుని మైకు ఎత్తు సరిచేసుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

యూనియన్ మనిషి పేరు ఆడీ. బూడిద రంగు కోటు విప్పి మడత పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గడియారం తీసి పక్క కుర్చీ మీద పెట్టాడు. కాయితం పొట్లంలోంచి జున్ను రొట్టె తీసి తినడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడైనా మొదలుపెట్టండి బాబులూ."

వాయించారు. ఎవరూ వినని పాట కనుక ఎవరూ జాగ్రత్త పడలేదు. రెండో చరణం చివర మెర్విన్ కుడి చేత్తో మొదలుపెట్టి, పై డ్రమ్ము నుంచి కింది డ్రమ్ముకు దిగి, అక్కడ ఆగాడు. మూడో డ్రమ్ము మోగాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీని చెయ్యి ఎత్తి పట్టుకుని దాటించి, తర్వాతి దెబ్బతో అందరినీ లోపలికి లాగాడు. ఏడ్రియన్ పాడుతూనే వెనక్కి తిరిగి చూశాడు. ట్రెవర్ తల వంచుకుని నవ్వుతున్నాడు. ఆడీ రొట్టె నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు.

అయిపోయాక ఇంజనీరు అద్దం వెనక నుంచి బొటనవేలు చూపించాడు. మెర్విన్ పెట్టెలు సర్దుకుని బయటికి మోస్తుంటే వెనక లేజెన్‌బీ గొంతు వినిపించింది.

"ఆడీ గారూ, గొంతెండిపోయి ఉంటుంది. ఎదురుగానే ఉంది, ఒక్క గ్లాసు."

మెర్విన్ తలుపు మూశాడు. పారేసే టేపులో తను ఉన్నాడు. ఉండే టేపులో వేరొకడున్నాడు. ఇంకా నయం, రేపు ఏం చెయ్యాలో తెలుసు.

గురువారం టెలివిజన్ స్టూడియోలో మధ్యాహ్నం రిహార్సల్‌కు రికార్డే వేశారు. టేపు డబ్బా ఇంకా రాలేదన్నారు. డ్రమ్ములకు చప్పుడు రాకుండా రబ్బరు తొడుగులు వేశారు. ఇత్తడి తాళాలకు గుడ్డలు కట్టారు. మెర్విన్ మూడో డ్రమ్ము కూడా బిగించాడు.

"అదీ, అలా ఉండాలి నాయనా," అన్నాడు లేజెన్‌బీ. "రికార్డులో ఎలా ఉందో చేతులు అలా కదలాలి. మీ అమ్మ చూస్తుంది. మీ వీధంతా చూస్తుంది. తేడా వస్తే నవ్వేది నిన్నే, నన్ను కాదు."

అందులో అబద్ధం లేదు. మెర్విన్ ఎడమ చేత్తో మొదలుపెట్టి మూడు రబ్బరు తొడుగుల మీదుగా దిగాడు. పైనుంచి డైరెక్టరు గొంతు వచ్చింది: ఆ డ్రమ్ముల దగ్గర కెమెరా చేతుల మీదే ఉండాలి, చాలా బాగుంది. కెమెరా నడిపేవాడు పట్టాల మీద దగ్గరికి వచ్చి, ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. మళ్ళీ చేశారు. మెర్విన్ ఒక్క దెబ్బ తప్పలేదు.

సాయంత్రం ప్రసారం. అమ్మాయిలు చుట్టూ నిలబడి ఊగుతున్నారు. దీపాల వేడికి ఏడ్రియన్ మొహం మీది రంగు కారుతోంది. పాట మొదలైంది. తాళాల చప్పుడు మధ్యాహ్నం కంటే కాస్త మొద్దుగా ఉందని మెర్విన్‌కు అనిపించింది. స్పీకర్లు మార్చారేమో అనుకున్నాడు. మొదటి చరణం చివర పాట ఒక వెంట్రుకవాసి వెనక్కి జారి మళ్ళీ అందుకుంది. అలా జారడం అతనికి తెలుసు. ఎక్కడ విన్నాడో తట్టలేదు. అప్పటికే కెమెరా పట్టాల మీద వచ్చేసింది. ఎర్ర దీపం వెలిగింది. అతని ఎడమ చెయ్యి లేచింది.

స్పీకర్లలో కుడి చెయ్యి మోగింది. పై డ్రమ్ము, కింది డ్రమ్ము, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానిలో మెర్విన్ మూడో డ్రమ్మును రెండు చేతులా కొడుతున్నాడు, కెమెరా అడుగు దూరంలో ఉంది, దేశం చూస్తోంది.

ఆ ఖాళీ తనది. వినపడుతున్నది తను.

తర్వాత చేతులు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. నిన్నటి చేతులు గుర్తు చేసుకుందామంటే ఇవాళ్టి చేతులు అడ్డం వచ్చాయి. అతను వాయించడం ఆపేశాడు. కర్రలు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. తను వాయించింది బయటి నుంచి వినడం అదే మొదలు. కెమెరా పక్కనున్న మనిషి చుట్టిన కాయితంతో గాల్లో కొడుతూ సైగలు చేశాడు. మెర్విన్ అతన్ని చూశాడు కానీ, వినడం పూర్తి కాలేదు. చివరి చరణంలో కర్రలు ఎత్తి కలిశాడు. అప్పటికి కెమెరా వెళ్ళిపోయింది.

నడవాలో లేజెన్‌బీ గోడను తన్నాడు.

"తాగడు! ఆ మనిషి తాగడు! మెథడిస్టు చర్చివాడు! పబ్బు వద్దంటే టీ తాగుదాం రండి అన్నాను. ఫ్లాస్కు తీసి నాకే పోశాడు. డబ్బాను రాత్రంతా తన దగ్గరే ఉంచుకుని, ఇవాళ చంకలో పెట్టుకుని ఇంజనీరు పక్కనే టాక్సీలో కూర్చుని ఇక్కడి దాకా వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదు!"

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు మెర్విన్.

"ఆయన టీ పోసేలోగా ఇంజనీరు మార్చేశాడనుకున్నా. నాకు ఇప్పుడు తెలిసింది!"

"నువ్వు మమ్మల్ని దొంగల్లా చూపించావు," అన్నాడు ఏడ్రియన్ మెర్విన్‌తో. "చేతులొకచోట, చప్పుడొకచోట. డ్రమ్మరు ఉత్తుత్తివాడని అందరికీ తెలిసిపోయింది."

"వినిపించింది నేనే ఏడ్రియన్."

"ఎవరు నమ్ముతారు?"

మెర్విన్ కర్రలు జేబులో పెట్టుకున్నాడు. రికార్డులో తను లేడు, ఉన్నాడని అందరూ అనుకున్నారు. టెలివిజన్‌లో తను ఉన్నాడు, లేడని అందరూ చూశారు. నడవా చివర ట్రెవర్ మంటలార్పే బకెట్ల పక్కన కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. కాసేపటికి అది నవ్వేనా అని మెర్విన్‌కు అనుమానం వచ్చింది.

శుక్రవారం ఒక పత్రికలో రెండు వాక్యాలు వచ్చాయి. నటించడం కూడా చేతకాని డ్రమ్మరు అని. మధ్యాహ్నం లేజెన్‌బీ వీధి మూలనున్న కొట్టుకు ఫోన్ చేసి మెర్విన్‌ను పిలిపించాడు. సోమవారం వోల్వర్‌హాంప్టన్ నుంచి ఒక కుర్రాణ్ణి డ్రమ్ములు వాయించి చూపించడానికి రమ్మన్నామని, ఏమీ ఖాయం కాలేదని, మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు.

"అతనికి డ్రమ్ములు ఎన్ని?" అని అడిగాడు మెర్విన్.

"ఏంటి?"

"ఏం లేదు."

శనివారం రైల్వే క్లబ్బుకు డ్రమ్ము తిరిగిచ్చాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూశాడు.

"కొత్తగానే ఉంది. టెలివిజన్‌లో దీన్ని గట్టిగానే కొట్టావు, చప్పుడు మాత్రం రాలేదు."

బల్లల దగ్గర ముగ్గురు నవ్వారు. మెర్విన్ కూడా నవ్వాడు. బయటికొచ్చాక ఎటు వెళ్ళాలో తోచక బజారులో డోరీన్ కొట్టుకు వెళ్ళాడు. ఆమె రికార్డు అట్టల్ని వరసలో సర్దుతోంది.

"వచ్చావా స్టారూ! మొహమేంటి అలా ఉంది? తిన్నావా?"

"తిన్నా."

"తినలేదు. అక్కడ సంచిలో రొట్టె ఉంది, తిను. పొద్దున్నుంచీ నీ పాటతో తల తినేశారు. ఒకావిడయితే నిన్న కొని ఇవాళ తిరిగి తెచ్చింది."

"గీత పడిందా?"

"లేదు. ఇది కాదంట. టెలివిజన్‌లో వచ్చింది కావాలంట. ఒకటేనమ్మా అన్నాను. కాదంటుంది. మధ్యలో డ్రమ్ము ఆగుతుంది కదా, ఆగి మళ్ళీ లాగుతుంది కదా, ఇందులో అది లేదు అంటుంది. రికార్డులు వినే ఆ గదిలో కూర్చోబెట్టి వినిపించాను. బయటికొచ్చి, ఇతను వేరే అతను అంది. పిచ్చిదో ఏమో. మా యజమాని చూస్తున్నాడు, చివరికి డబ్బు తిరిగిచ్చి పంపేశా."

మెర్విన్ చేతిలోని రొట్టెను కౌంటరు మీద పెట్టాడు.

"ఏమంది?"

"చెప్పాగా."

"మళ్ళీ చెప్పు."

"ఇతను వేరే అతను అంది. ఏంట్రా?"

"ఎప్పుడు?"

"ఇందాకే. నువ్వు రావడానికి ముందు."

"ఎటు వెళ్ళింది?"

"నాకేం తెలుసు? సంత వైపు అనుకుంటా. ఆకుపచ్చ కోటు. మెర్వ్! ఆవిడకు ఏం చెప్తావు? మెర్వ్, ఆ రొట్టె..."

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు. శనివారం సంత. కొండ మీది చర్చి దాకా రెండు వైపులా బండ్లు, వాటి మధ్య జనం. కనుచూపు మేరలో ఆకుపచ్చ కోట్లు నాలుగు కనిపించాయి. ఒకటి చేపల దగ్గర బేరమాడుతోంది, ఒకటి పిల్లల బండి తోసుకుంటూ దిగుతోంది, రెండు ఎదురెదురు దిక్కులకు వెళ్తున్నాయి. మెర్విన్ దగ్గరున్నదాని వెనక నడిచాడు.